పాకితే చీమ, దుంకితే…

మొన్న పొద్దున ధరూరు నుంచి ఫోన్ వచ్చింది, పెద్దమ్మ పోయిందని. గద్వాలలో షేర్ ఆటో ఎక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఎలుక పేరెత్తితే వణికే మనిషి. ఆ వణుకు నాకు అంటించి పోయింది.

మావాడు పాలుతాగే వయసులో ఉండగా ఆమె ఇంటికి వెళ్లాను. పల్లికాయ బస్తాల పక్కన ఎలుక చచ్చి పడుంది. చీపురుతో తోయబోయాను.

"ముట్టకు! ఎలుక రాలింది. పిలగాన్ని ఎత్తుకొని బయటికి నడు!"

చచ్చిందనదు, రాలిందే అంటుంది. వాళ్లమ్మ కాలంలో ప్లేగు వచ్చి ఇట్లాగే ఎలుకలు రాలితే ఊరంతా ఇళ్లు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. చాలామంది తిరిగి రాలేదట.

"ఎలుక మీద చిన్న పురుగుంటది బిడ్డా. ఎలుకకో తీరు, చుంచుకో తీరు, ఉడుతకో తీరు. ఉన్న ఒళ్లు సల్లబడ్డదనుకో, ఎచ్చటి ఒళ్లు ఎతుకుతది."

పెద్దనాన్న తెల్లపంచె తడిపి గడప లోపల పరిచింది. "జూడు. పాకితే చీమ, దుంకితే ఇల్లు ఇడువాలె."

నవ్వబోయాను. పంచె మీద నల్లచుక్క కనిపించింది. చూస్తుండగానే దుంకింది. నా నవ్వు ఏమైపోయిందో!

చేలో కొట్టంలోకి మారాం. అక్కడ పిల్లవాడికి జ్వరం తగిలింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దవాఖానలో డాక్టరు మామూలు జ్వరమే అన్నాడు. పెద్దమ్మ వింటేనా! పూటపూటా వాడి చంకలు, గజ్జలు తడిమి, "ప్లేగు బిళ్ల గట్టలే" అని ఊపిరి పీల్చుకునేది. జ్వరం దిగింది గానీ ఆమె భయం దిగలేదు. వాడు బడికి పోయే వయసొచ్చినా సరే, మేం గడప తొక్కగానే ముందు చంక తడిమేది. వాడు కితకితలకు మెలికలు తిరిగేవాడు.

"ఏందమ్మా గీ పిచ్చి?" అంటే, "భయపడితేనే పిల్లలు దక్కుతరు" అనేది. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తోంది.

నేనూ మావాడూ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. కప్పిన తెల్లబట్ట మీద, పాదాల దగ్గర, నల్లచుక్క. ఒళ్లు చల్లబడిన మనిషి. పక్కనే మావాడు.

చుక్క కదిలింది. పాకింది. చీమే.

అయినా నా చేయి వాడి చంకలోకి పోయింది. ఈసారి వాడు నవ్వలేదు.