ఇంజిన్ మా దగ్గరే ఉంది, బండెలా పోతుంది?

కింద రాసిందంతా అక్షరాలా నిజమని ప్రమాణం చేస్తున్నాను. నా సంగతి తెలిసినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. అందుకే ఉత్తి ప్రమాణం కాదు, ఇంజిన్ నంబర్లు రాసుకున్న నా పదకొండు నోటుపుస్తకాల మీద చెయ్యి పెట్టి మరీ చేస్తున్నాను. ముందు మా ఆవిడ తల మీద పెట్టబోయాను. ఆవిడ తల పక్కకి తీసేసుకుంది.

ఇది ఒక ఘోరం కథ. రైళ్ళ గురించి తమకి తెలియనిది లేదనుకునే ముగ్గురు పెద్దమనుషులు, పట్టపగలు, బండి పక్కనే నిలబడి, బండినే చూస్తూ, బండిని పోగొట్టుకున్న కథ. ఆలస్యంగా వచ్చి పోగొట్టుకోవడం అందరూ చేసేదే, అందులో గొప్పేముంది. మేము అందులోంచి దిగి మరీ పోగొట్టుకున్నాం.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు నలభై అయిదు. ఆ వయసుకి బుద్ధి రావాలి కదా అని మీరడగొచ్చు. మా ఆవిడ సత్యవతి అప్పుడే అడిగింది, ఇప్పటికీ అడుగుతోంది. ఉక్కునగరం క్వార్టర్లో ఉంటూ షిఫ్టు డ్యూటీలు చేసుకునేవాణ్ణి. షిఫ్టు లేని పూట దువ్వాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద తేలేవాణ్ణి. నేను వెళ్ళేసరికే అక్కడ ఇద్దరు ఉండేవారు.

ఒకరు సూర్యనారాయణ మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. ఇంజిన్ నంబరు కనబడితే చాలు, అందులో అంకెలన్నీ కూడి, తొమ్మిదితో భాగించి, శేషం ఎంతో చెప్పిగాని పుస్తకంలో ఎక్కించరు. ఆ శేషంతో ఏం చేస్తారో ఆయనకే తెలీదు. రెండోవాడు యారాడ ఎల్లాజీ. నలభై ఏళ్ళు సముద్రం మీద చేపల వేట చేసి, ఒళ్ళు సహకరించక మానేశాక రైళ్ళ మీద పడ్డాడు. సముద్రానికి ఓ టైమూ లేదు, ఓ లైనూ లేదు, రైలే నయమంటాడు. మోటారు చప్పుడు విని ఎవరి పడవో చెప్పినట్టే, హారన్ విని ఇంజిన్ ఏ ఊరి షెడ్డుదో చెబుతానంటాడు. చెబుతాడు కూడా. సగం తప్పు.

"ఎల్లాజీ, ఈ రోజు నీ చెవికి పదికి మూడు మార్కులు" అనేవారు మాస్టారు.

"మేస్టారూ, నా ఇంట్లో సేపల పులుసు తిన్నరోజున పదికి పది ఎయ్యలేదా. అదే సెయ్యితో ఎయ్యండి" అనేవాడు ఎల్లాజీ.

మా బెంచీకి ఒక చట్టం ఉండేది. ఏ ఇంజిన్ నంబరైనా ముగ్గురమూ చూడాలి, ముందూ వెనకా రెండు చోట్లా చదవాలి, అప్పుడే పుస్తకంలో ఎక్కాలి. నేను చూడని ఇంజిన్లు నాలుగు చూశానని రాసుకుని పట్టుబడ్డాక మాస్టారు తెచ్చిన చట్టం ఇది. ఈ చట్టమే మా కొంప ముంచింది.

మా నాలుగోవాడు జగన్నాథం బెంచీ మీద కూర్చునేవాడు కాదు, బెంచీ ముందు నుంచి బండి నడుపుకుంటూ పోయేవాడు. లోకో పైలట్. నాకు వరసకి బావ కాడు, కానీ మాస్టారు తప్ప మేమందరం ఒకరినొకరం బావ అనే పిలుచుకునేవాళ్ళం. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆఖరి డ్యూటీ దిగిన డ్రైవరుకి తోటివాళ్ళు దండలు వేస్తారు, ఇంజిన్‌కీ ఒక దండ కడతారు. రైల్వేలో అది ఆనవాయితీ. కానీ జగన్నాథానికి ఆఖరి డ్యూటీ విశాఖపట్నంలో ఎక్కి పలాసలో దిగేట్టు పడింది. తోటివాళ్ళందరూ ఇక్కడ, దిగేది అక్కడ. భార్య పోయి రెండేళ్ళయింది. కూతురికి నెలలు నిండి కదల్లేని స్థితి. ఆ సంగతి చెబుతూ, బెంచీ దగ్గర టీ తాగుతూ, ఎటో చూస్తూ అన్నాడు.

"దండలూ అయ్యీ ఏటొద్దు బావ. పలాసలో దిగీసరికి కింద తెలిసిన మొకం ఒకటుంటే సాలు."

అతను వెళ్ళాక పథకం వేశాం, అంటే నేను వేశాను. జగన్నాథానికి చెప్పకుండా అదే బండిలో పలాస వెళ్ళాలి, అతను దిగేసరికి దండతో కింద నిలబడి ఉండాలి. హౌరా వైపు పోయే ఆ బండిని దువ్వాడలో ఎక్కేస్తే విశాఖపట్నంలో జగన్నాథం ఇంజిన్ వచ్చి తగులుకుంటుంది. మా వదిన, అంటే సత్యవతి అక్క, పలాసలోనే ఉంటుంది కాబట్టి సత్యవతీ బయల్దేరింది. గాజువాకలో కట్టించిన బంతిపూల దండ తడిగుడ్డలో చుట్టి స్టీలు బేసిన్లో పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. నాకిస్తే దాని మీద కూర్చుంటానని ఆవిడ అభిప్రాయం. అన్యాయమైన అభిప్రాయం, కానీ ఆధారాలున్నాయి.

దువ్వాడ నుంచి విశాఖపట్నం చేరేలోపు పెట్టెలో అందరికీ నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఈ వాక్యం దయచేసి గుర్తుంచుకోండి, నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. విశాఖపట్నంలో బండి ముందుకి పోదు, వెనక్కి తిరుగుతుంది, తెచ్చిన ఇంజిన్ని అక్కడే విప్పేస్తారు, రెండో చివర కొత్త ఇంజిన్ తగిలిస్తారు, అప్పటిదాకా తోక అయినది తల అవుతుంది, కాబట్టి తెలియనివాళ్ళు కంగారు పడకండి అని చెప్పాను. ఎదుటి సీటు పెద్దావిడ భయపడి మనవరాలి చెయ్యి పట్టుకుంది. మాస్టారు తలూపి మార్కులు వేశారు. సత్యవతి బేసిన్ సర్దుకుని కిటికీలోంచి చూసింది.

విశాఖపట్నం వచ్చింది. ఇరవై నిమిషాల ఆగుదల. జగన్నాథం ఉండేది కొత్త ఇంజిన్ వైపు. అటు వెళ్తే మమ్మల్ని చూసేస్తాడు, పథకం పోతుంది. కాబట్టి దాక్కోవడానికి అవతలి చివరకి, అంటే మమ్మల్ని తెచ్చిన పాత ఇంజిన్ వైపు నడిచాం. ఇందులో తప్పేమైనా ఉందా చెప్పండి. ఇక్కడిదాకా నేను మేధావినే.

ఆ చివరకి వెళ్ళేసరికి ఎల్లాజీ ఆగిపోయాడు. తెల్లారగట్ల వలలో ఏదో బరువుగా తగిలినవాడిలా ఆగిపోయాడు. ఆ ఇంజిన్ ఎక్కడో ఉత్తరాదిన ఉండాల్సిన షెడ్డుది. మా వైపు ఎన్నడూ రాలేదు. మా ముగ్గురి పుస్తకాల్లోనూ ఆ షెడ్డు పేజీ ఖాళీ. పెళ్ళివారింట్లో పొరపాటున దిగిన కలెక్టర్లా దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది.

మాస్టారు కలం తీశారు. వెనక నంబరు చదివారు. ముగ్గురం చూశాం. ఇక చట్టం ప్రకారం ముందు నంబరు చదవాలి. ఇంజిన్ పక్క నుంచి ముందుకి నడిచాం. ముందు నంబరు మీద దుమ్ము పేరుకుని ఒక అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు. వెనకది ఎనిమిదని చూశాం కదా అన్నాడు ఎల్లాజీ. చట్టం చట్టమే అన్నారు మాస్టారు. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం, నేను ఒక కన్ను మూసి చూస్తున్నాను. అప్పుడు ఎల్లాజీ అన్నాడు.

"బావ, మన బండి కదుల్తన్నట్టున్నాది."

"కదల్దు" అన్నాను, తల తిప్పకుండానే. "ఇంజిన్ నా ముక్కు ముందరున్నాది. ఇంజిన్ లేకండా బండెలా ఎల్తాది?"

చదువరులారా, పెట్టెడు మందికి పాఠం చెప్పి గంట కాలేదు.

"పెట్టిలు ఎల్తన్నాయి బావ, నా కళ్ళతో సూత్తన్నాను."

అప్పుడు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, పక్క లైనులో బండి కదిలితే మన బండే కదిలినట్టు అనిపిస్తుందని, దాన్ని సాపేక్ష చలనం అంటారని, కన్ను చెప్పేదంతా నమ్మకూడదని నిదానంగా వివరించారు. ఎల్లాజీ వినయంగా విన్నాడు. పక్క లైను ఖాళీగా ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇంజిన్ పక్క నుంచి తొంగి చూస్తే చివరి పెట్టె తలుపులో గార్డు నిలబడి మా వైపు పచ్చజెండా ఊపుతున్నాడు. బెంచీ మీద కూర్చునే మనుషులకి ఒక అలవాటుంటుంది. గార్డు కనబడితే చెయ్యూపాలి. ఏళ్ళ తరబడి అలవాటు. ముగ్గురం లేచి నిలబడి ఎంతో మర్యాదగా చెయ్యూపాం. గార్డు మా వైపు వింతగా చూశాడు. మేము ఇంకా గట్టిగా ఊపాం.

ఇంజిన్‌కీ చివరి పెట్టెకీ మధ్య జానెడు ఖాళీ ఉండాల్సింది గజమైంది. గజం తాటిచెట్టు పొడుగైంది. తాడు విప్పిన పడవలా మా బండి మెల్లగా, ఏ తొందరా లేకుండా, మమ్మల్ని చూస్తూనే వెళ్ళిపోయింది. అందులో నా భార్య ఉంది. దండ ఉంది. మా చెప్పులు కూడా ఉన్నాయి. పెట్టెలో హాయిగా కూర్చోవడానికి విప్పి, ఊరికే కాస్త దూరమే కదా అని అలాగే దిగిపోయాం.

"సాపేక్షంగా ఎల్పోయింది మేస్టారూ" అన్నాడు ఎల్లాజీ.

అయిదు నిమిషాలకి సత్యవతి ఫోన్. ఎక్కడున్నారని. ఇక్కడ మనిషి అన్నవాడు నిజం చెప్పాలి. నేను వెనక పెట్టెలో ఎక్కేశాం అన్నాను. బండి టైములు నాకు కంఠతా వచ్చు. అక్కడి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా గడియారం చూసుకుంటూ, ప్రయాణం నడిపించాను. పెందుర్తి దాటాం అన్నాను, నిజంగానే దాటిందట. కొత్తవలస వస్తోంది అన్నాను, వచ్చిందట. నా మీద నాకే గౌరవం పెరిగింది. మాస్టారు పక్కనుంచి నిమిషాలు అందిస్తున్నారు. విజయనగరం కూడా దాటామని, కాస్త సందు దొరగ్గానే తన దగ్గరికి వస్తామని, పెట్టెలన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయని, ఎల్లాజీకి కిటికీ పక్క సీటు దొరికిందని చెప్పాను.

అవతల స్టీలు బేసిన్ కింద పెట్టిన చప్పుడైంది.

"ఏటండీ" అంది సత్యవతి నెమ్మదిగా. "ఇజీనారం దాటేసేరా?"

"ఇప్పుడే దాటేం."

"నానెక్కిన బండి ఇజీనారానికి ఇవతలే కోరుకొండ సిగ్నల్ కాడ అరగంటగా నిలబడున్నాది. మీరెక్కినది ఏ బండండీ?"

సరిగ్గా అప్పుడే నా తల మీది మైకు, విశాఖపట్నానికి స్వాగతం అని మూడు భాషల్లో చెప్పింది.

ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దండ వైపు చూస్తూ ఉండి ఉంటుంది, ఒకే ఒక మాట అడిగింది.

"మరి ఆ మనిసి దిగీసరికి కింద ఎవులుంటారు?"

తర్వాత బండి గంటన్నరకి గాని లేదు. మాస్టారు రెండు రకాలుగా లెక్క కట్టారు, ఏ రకంగా కట్టినా మేము చేరేసరికి జగన్నాథం దిగిపోయి ఉంటాడు. ఆయన నోటుపుస్తకం మూసేశారు, శేషం చెప్పకుండా. ఎల్లాజీ ఉత్త కాళ్ళ వైపు చూసుకుంటూ, ఆ మనిషి మనల్ని అడిగింది ఒక్కటే కదా బావ అన్నాడు. ఆ మాటకి నేను రాసే ఏ హాస్యమూ చాలదు, అందుకని వదిలేస్తున్నాను.

స్టేషన్ బయట కొన్న రబ్బరు చెప్పులతో తర్వాత బండెక్కి పలాస చేరాం. వదినగారింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల నవ్వులు. జగన్నాథం యూనిఫాంలోనే, మెడలో బంతిపూలతో, విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. మా వదిన జీడిపప్పు కూర వడ్డిస్తోంది.

జరిగింది ఇదీ. పలాసలో బండి ఆగగానే సత్యవతి బేసిన్ చంకన పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి ప్లాట్‌ఫారమంతా నడిచింది. జగన్నాథం ఎప్పట్లాగే ఇంజిన్‌కి మొహం పెట్టి మెట్లు దిగాడు, చేతిలో ఉన్న సామాను పెట్టె కింద పెట్టాడు, వెనక్కి తిరగడానికి కాస్త ఆలస్యం చేశాడట. తిరిగేసరికి ఈవిడ. రైళ్ళంటే పడని మా ఆవిడ. ఉన్నది ఒక దండ, వెయ్యాల్సింది ఇద్దరికి. పంటితో దారం కొరికి దండని రెండు చేసింది. పరాయి మగవాడి మెడలో తను ఎలా వేస్తుంది, అసిస్టెంటు డ్రైవరు చేత వేయించింది. రెండో ముక్క జగన్నాథమే ఇంజిన్ కమ్మీకి కట్టాడు. కట్టి, ఆ కమ్మీ మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డాడని సత్యవతి తర్వాత నాకొక్కడికే చెప్పింది.

మేము తలలు వంచుకుని నిలబడ్డాం. క్షమించు బావ, నీ బండిలోనే వద్దామనుకున్నాం అన్నాను.

"నాకు తెలుసు బావ" అన్నాడు జగన్నాథం, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "బండి కదిల్న వెంటనే గార్డు వాకీటాకీలో సెప్పేడు. ముగ్గురు పెద్దమనుసులు సెప్పుల్లేకండా, విప్పేసిన ఇంజిన్ ముందర మోకాళ్ళేసి దండం పెట్టుకుంతన్నారు, ఆపీమంటావా అని. వద్దు, ఆళ్ళు నా స్నేహితులే, నాకు సెండాఫ్ ఇద్దామని వొచ్చి ఇంజిన్ తప్పేరు అన్నాను. పలాస దాకా నవ్వుతానే నడిపేను. లేపోతే ఈ రోజు ఎలా నడుపుదునో నాకే తెలీదు."

అప్పట్నుంచి మా బెంచీకి అధ్యక్షురాలు సత్యవతి. ఆవిడ బెంచీకి రాదు, వచ్చే ఉద్దేశం కూడా లేదు, అయినా ఓటింగు ఏకగ్రీవం. నేను మాత్రం సూర్యుడి సాక్షిగా, సిగ్నల్ స్తంభాల సాక్షిగా శపథం చేశాను. ఇక ఈ జన్మలో ఇంజిన్ని చూసి బండిని నమ్మను. గార్డు పచ్చజెండా ఊపితే చెయ్యూపే ముందు, అది నా బండి కాదని రెండు చోట్ల చదివి నిర్ధారించుకుంటాను.

ఇక ఒప్పుకోలు. ప్రమాణం చేసినప్పుడు నోటుపుస్తకాలు పదకొండన్నాను, చెయ్యి పెట్టింది పదింటి మీదే. కాబట్టి ఒక్క అబద్ధానికి చోటుంది. సాపేక్ష చలనం పాఠం చెప్పింది మాస్టారు కాదు, నేను. ఎల్లాజీ ఆ ఎత్తిపొడుపు పొడిచింది కూడా నన్నే. మాస్టారు బండి కదులుతోందనే చెప్పారు, రెండుసార్లు చెప్పారు. లెక్కల మాస్టార్లకి రైళ్ళ సంగతి ఏం తెలుస్తుంది, మీరు ఆ ఎనిమిది సంగతి చూడండి అని నేనే ఆయన తల ఇంజిన్ వైపు తిప్పాను.