శీను గదికి వేసిన వైఫై

దెయ్యాల మాటెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. దీన్ని దెయ్యం కథ అని కూడా అనను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మాది దర్శి దగ్గర పల్లె. మిర్చి వేస్తాం. మా తమ్ముడు శీనుకి కిడ్నీలు పాడయ్యాయి. పొట్టలోకి గొట్టం పెట్టి, మందునీళ్ళు ఎక్కించి దించే డయాలసిస్ ఇంట్లోనే చేసుకునేవాడు. దానికి దుమ్ము చేరని గది ఉండాలన్నారు డాక్టర్లు. మా ఇంటి ముందంతా మిర్చి కల్లం. పంట వచ్చిందంటే ఘాటుకి ఇల్లంతా దగ్గే. అందుకని పెరడు చివర వాడికి విడిగా ఒక స్లాబు గది కట్టించి, ఆకుపచ్చ రంగు వేయించాను.

గదైతే లేచింది గానీ ఇంట్లో వైఫై అక్కడికి అందలేదు. మధ్యలో పాత రాతి గోడ, దాని వెనక రేకుల షెడ్డు. కిటికీలో ఎక్స్‌టెండర్ పెట్టి చూశాను. షెడ్డు దాటలేదు. చివరికి పెరట్లో నేల తవ్వి, పైపులో కేబుల్ దూర్చి పూడ్చి, వాడి గదిలో రెండో రౌటర్ పెట్టాను. సిగ్నల్ నిండుగా వచ్చేసరికి వాడి మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు చూశాను.

అమ్మకి ఆయాసం, దగ్గు. తన వల్ల వాడికి ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని ఆవిడే ఆ గదిలోకి వెళ్ళేది కాదు. నా పాత ఫోన్ ఒకటుంటే, సిమ్ లేనిది, అమ్మకిచ్చాను. మధ్యాహ్నం ఆవిడ వరండాలో కూర్చునేది. శీను గదిలోంచి వీడియో కాల్ చేసి, పొన్నూరులో ఉండే మా అక్క సుజాతని కూడా కలిపేవాడు. పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న తల్లీకొడుకులు ఫోన్లో చూసుకునేవాళ్ళు.

అమ్మకి ఫోన్ ఎత్తడమే వచ్చు. చెయ్యడం రాదు. నేర్పబోతే, "నాకెందుకురా, చెయ్యడానికి వాడున్నాడుగా" అనేది.

ఎండాకాలంలో శీను పోయాడు.

అమ్మ ఏడవలేదు. శవాన్ని ఎత్తినప్పుడు కూడా ఏడవలేదు. మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి ఫోన్ పట్టుకుని వెళ్ళి వాడి మంచం మీద కూర్చునేది. ఆ గదిలో రౌటర్ దీపాలు వెలుగుతుంటే నేను చూడలేకపోయాను. ఊడదీసి ఇంట్లో అటక మీద పడేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, నేను చేలో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, అమ్మ ఏడ్చిందిరా. ఇప్పటిదాకా వీడియోలో మాట్లాడుకున్నాం. కడుపులోదంతా బయటపెట్టి ఏడ్చింది. శీను మంచం మీదే కూర్చునుంది పాపం."

"వరండాలో ఉండుంటుందిలే అక్కా. ఆ గదిలో సిగ్నల్ రాదు."

"వెనకాల పచ్చగోడ కనపడుతుంటే వరండా అంటావేందిరా?"

ఇంటికి వెళ్ళాను. అమ్మ ఆ గదిలోనే ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఫోన్ తీసుకుని చూశాను. వైఫై లేదు. చేత్తో పట్టుకుని గుమ్మంలోకి, పెరట్లోకి నడిచాను. షెడ్డు దాటి ఇవతలికి వస్తే గానీ కలవలేదు. అటకెక్కి చూశాను. రౌటర్ నేను పెట్టినట్టే దుమ్ము పట్టి ఉంది.

"అమ్మా, అక్కకి ఎట్టా చేశావు?"

"నేనెక్కడ చేశాన్రా? అదే మోగింది. ఎత్తితే సుజాత కనపడింది."

అక్కనడిగాను. "నేను చెయ్యలేదురా. అమ్మ దగ్గర్నుంచే నాకొచ్చింది" అంది. అమ్మ ఫోన్లో చూస్తే వచ్చిన కాల్ అనే ఉంది. అక్క తన ఫోన్ చూసి, అందులోనూ వచ్చిన కాల్ అనే ఉందంది. చేసినట్టు ఎందులోనూ లేదు. ఫోన్ల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పాను. ఏదో పొరపాటై ఉంటుందన్నారు. ఏం పొరపాటో చెప్పలేకపోయారు.

ఆ పూట అమ్మ అడిగి అన్నం పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున్నే రౌటర్ దించి, తుడిచి, మళ్ళీ శీను గదిలో బిగించాను. ఇప్పుడక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. అమ్మ రోజూ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అక్క చేసినప్పుడు మోగుతుంది, మాట్లాడుకుంటారు. కానీ ఆ రోజులా, ఎవరూ చెయ్యకుండా మళ్ళీ మోగలేదు.

"లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కదరా, మరి వాడెందుకు కలపడు?" అని అడిగింది మొన్న.

ఏమీ లేనప్పుడు ఎలా కలిసిందో నాకే తెలియదు. అమ్మకేం చెప్పను?