వంద అడుగులకో కుర్చీ

మా బాబాయి పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాన్వాసు మడత కుర్చీ భుజాన వేసుకుని నా వెంట నడకకి బయలుదేరేవాడు. వంద అడుగులు లెక్కపెట్టడం, కుర్చీ వేసుకుని కూర్చోవడం, లేచి మళ్ళీ వంద. ఆయన పార్కు ఒక చుట్టు తిరిగేసరికి తాబేలైనా రెండు చుట్లు తిరిగి, ఇంటికెళ్ళి ఒక కునుకు తీసి ఉండేది.

"ఏం టైలరుగారూ, సింహాసనం కూడా వాకింగుకొచ్చిందే!" అనేవాడు పాలాయన, పార్కులో ఉన్న ఒకే ఒక్క బెంచీ మీంచి.

"మోకాళ్ళయ్యా, మోకాళ్ళు!"

నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మోకాళ్ళు కదా, అందరూ నమ్మారు. పిన్నయితే రోజూ సాయంత్రం వాటికి తైలం పట్టించేది.

నాకు మాత్రం ఆయన పక్కన నడవాలంటే తల కొట్టేసినట్టుండేది. అసలే కుర్చీలకీ నాకూ పడదు. బస్టాండులో టికెట్ల కౌంటరు నాది. రెండు నెలల కిందట, క్యూలో ముప్ఫైమంది చూస్తుండగా నా కుర్చీ ఫెళ్ళున విరిగింది. కౌంటరు కింద నుంచే "తరవాత ఎవరండీ?" అన్నాను. ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

ఆ సిగ్గుకొద్దీ ఎవరికీ చెప్పకుండా బరువు తగ్గే హార్మోను చుక్కలు కొన్నాను. నాలుక కింద చుక్కలు, రోజంతటికీ ఐదువందల కేలరీల తిండి. అంటే ఒక యాపిలు, నాలుగు ఆకులు, మిగతాది దైవస్మరణ. "పరుగులు వద్దు. మెల్లగా నడవండి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోండి" అని సీసాతో ఓ కాగితం ఇచ్చారు. పరిగెత్తితే ఇంకా తొందరగా కరుగుతానని, కాగితాన్ని యూనిఫాం జేబులో కుక్కి, పార్కులో పరుగందుకున్నాను.

"అమ్మాయ్, కాసేపు కూర్చుందువుగాని రా!" ప్రతి వంద అడుగులకీ ఆయన కేక.

"నేనింకా ముసలిదాన్నవలేదు బాబాయ్!"

"నీ వయసు కోసం కాదే తల్లీ, కుర్చీ ముచ్చటపడుతోంది!"

ఒకనాడు పార్కంతా వినేలా అనేశాను. "నా వెంట రాకు బాబాయ్! నీతో నడిస్తే నా పరువు పోతోంది."

ఆయన నొచ్చుకోలేదు. "సరేలే, వెనకాల వస్తా" అన్నాడు.

మర్నాడు మూడో చుట్టులో నా ముందు చెట్లు అడ్డంగా నడవసాగాయి. కాళ్ళు తేలిపోయాయి. కూలబడ్డాను గాని నేల తగల్లేదు. కింద కుర్చీ ఉంది. వంద అడుగులు ఏకబిగిన నడవలేని మనిషి కుర్చీతో సహా పార్కుకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు!

"మరి... మోకాళ్ళు?"

"వాటికేం, గుండ్రాళ్ళు. ముందు ఈ పంచదార నోట్లో వేసుకో."

నేను లేవబోయాను. "విరుగుతుంది బాబాయ్..."

"ఎందుకు విరుగుతుంది? రెండు పొరల కాన్వాసు, నాలుగు వరసల కుట్టు. నీ కోసమే కుట్టాను."

"నీకెలా తెలుసు?"

"యూనిఫాం బిగించమని నెలలో రెండుసార్లు ఇచ్చావు. కొలతలు అంత తొందరగా తగ్గితే టైలరుకి భయం వెయ్యదూ? జేబులో చూస్తే ఆ కాగితం. కళ్ళు తిరిగితే కూర్చోమన్నారు గాని, ఎక్కడ కూర్చోవాలో రాయలేదు మహానుభావులు! నిన్నడిగితే సిగ్గుపడతావని మోకాళ్ళ మీదకి తోశాను."

పరువు పోతోందన్న నా మాట గుర్తొచ్చి, భూమి చీలితే బాగుండుననిపించింది. భూమికీ నాకూ మధ్య ఆ కుర్చీ అడ్డం.

ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. "నువ్వు తగ్గుతున్నది చుక్కలకి కాదు, పస్తులకి" అని ఆవిడ సీసా పారేయించింది. వేళకి తిని, హాయిగా నడవమంది.

ఇంటి గేటు దగ్గర బాబాయి ఆగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకొక్క సాయం చేసిపెట్టు తల్లీ. మోకాళ్ళు బాగున్నాయని మీ పిన్నికి చెప్పకు. పెళ్ళయ్యాక ఆవిడ నా పక్కన అరగంట తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పడం ఇదే మొదలు."