లాభం లేదు, గురువారం రండి

కుక్కల డాక్టరుగారి నోట ఎప్పుడూ ఒకటే మాట: లాభం లేదు. టీ బాగుంటే లాభం లేదు, చల్లారిపోతుంది. ఎండ కాస్తే లాభం లేదు, మబ్బు పడుతుంది. పెళ్లికి ముందు భార్యతో ఆయన అన్న మొదటి మాట కూడా, నన్ను చేసుకుని లాభం లేదనేనట. ఆవిడ అది వినయమనుకుంది. ఇన్నేళ్లయినా ఆ వినయం తగ్గలేదని ఇప్పటికీ వాపోతుంది.

అలాంటి మనిషి దగ్గరికి లెక్కల టీచరు తన ముసలి కుక్కను ఎత్తుకొచ్చింది. వాడి పేరు దొర. పేరుకే దొర. వెనక కాళ్ల కీళ్లు బిగుసుకుపోయి, లేవాలంటే మూలుగు, కూర్చోవాలంటే మూలుగు. స్తంభం కనబడితే కాలెత్తడం మానేసి చాలాకాలమైంది. ఆ పని కూడా కూలబడే కానిచ్చి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూసేవాడు.

మాత్రలు వాడి కడుపులో ఇమడలేదు. ఇక మిగిలింది సూదుల వైద్యం. టీచరుతో కలిసి ఉండే అక్క ముందే చెప్పేసింది: "నెలాఖరు దాకా చూద్దామే. ఆ తర్వాత వాడికి శాశ్వత నిద్ర ఇంజక్షను ఇప్పించేద్దాం. ఆ మూలుగు నేను వినలేను." అక్క రాతిమనిషేం కాదు. ఆ మాట అన్నాక తనే లేచి వెళ్లి దొర గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది.

డాక్టరుగారు దొర నడుమంతా తడిమి, జుట్టు పాయలు తీసి, వెంట్రుకంత సన్నని సూదులు ఒక్కొక్కటే దించారు. దొర కాసేపటికి ముళ్లపందిలా తయారై, ఆవులించి, టీచరు ఒళ్లో తలపెట్టి గురక తీశాడు.

గుణం కనిపిస్తున్నట్టేనా అని టీచరు ఆశగా అడిగింది.

"లాభం లేదు," అన్నారాయన. "గురువారం రండి."

లాభం లేనప్పుడు గురువారం దేనికి? ఎందరికో లెక్కలు నేర్పిన టీచరుకు ఈ లెక్క మాత్రం తేలలేదు. అయినా వెళ్లింది. ప్రతి గురువారం అదే తంతు. సూదులు తీసేశాక ఆయన వంగి దొర చెవిలో ఏదో గొణిగేవారు. ఏముంటుంది, అదే మాట అయ్యుంటుంది. నోరులేని జీవాన్ని కూడా వదలరా ఈయన?

రానురాను టీచరుకు ఆశ అడుగంటింది. దొర లేచాడా లేదా అని చూడడం కూడా మానేసింది. పక్కన చతికిలబడి ఊరికే వీపు నిమురుతూ ఉండేది.

నెలాఖరు వచ్చింది, వాన వెంటబెట్టుకుని. టీచరు దొరను తువ్వాలులో చుట్టి తెచ్చి, బల్ల ఎక్కించకుండా నేల మీదే దింపింది.

"సూదులొద్దండి. ఆ ఇంజక్షనే ఇచ్చేయండి. లాభం లేదని మొదటిరోజే అన్నారుగా మీరు."

డాక్టరుగారు చేతిలోని సూదుల డబ్బా పక్కన పెట్టారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నేనన్నది మీతోనమ్మా. వాడితో ఎప్పుడైనా అన్నానా?"

"మరి చెవిలో చెప్పేది?"

ఆయన సిగ్గుతో ముడుచుకుపోయారు. లోపలి గదిలోంచి భార్య అందుకుంది.

"నీకేంట్రా, కుర్రాడివి, గుర్రంలా పరిగెడతావు అంటారమ్మా. ప్రతి ముసలి కుక్కకీ అదే పాఠం. నాతో ఒక్కనాడైనా అన్న పాపాన పోలేదు."

ఆయన నేలకేసి చూస్తూ గొణుక్కున్నట్టే చెప్పుకొచ్చారు. ఆశపెడితే జనం మర్నాటి నుంచే కుక్క కాళ్ల మీద కళ్లేసుకుని కూర్చుంటారు. లేవవేం, నడవవేం అని పోరు పెడతారు. పాపం అది తప్పు చేసినట్టు తల దించేసుకుంటుంది. ఆశ వదులుకున్నవాళ్లయితే పక్కన కూర్చుని వీపు నిమురుతారు.

"సగం వైద్యం అదేనమ్మా. మిగతా సగం, నా సూదులు... వాటితో లాభం లేదు."

టీచరు చెయ్యి అలవాటుగా దొర వీపు కోసం పక్కన తడిమింది. తువ్వాలు తగిలింది. దొర లేడు.

ఎవరూ తన కాళ్లకేసి చూడని ఆ కాస్త సమయంలో వాడు లేచి, తూలుకుంటూ తలుపు దాకా వెళ్లాడు. గోడకు ఆనించిన డాక్టరుగారి గొడుగును వాసన చూశాడు. ఆలోచించాడు. వణుకుతూ, వంకరటింకరగా, అయినా దొరలాగే, వెనక కాలెత్తాడు.

లోపలి గదిలోంచి వచ్చిన భార్యతో సహా ముగ్గురూ అలా చూస్తూ ఉండిపోయారు. దొర మాత్రం తీరిగ్గా కానిచ్చాడు.

డాక్టరుగారు గొడుగును రెండు వేళ్లతో పైకెత్తారు. అది చివరినుంచి బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఇది ఇంక లాభం లేదు," అన్నారు. "వాడికే ఉంచేయండి. గురువారం వచ్చేటప్పుడు వెంట తెండి."