యాజులు గారి పేర్ల పుస్తకం

నర్సీపట్నం పశువుల డాక్టరు యాజులు గారికి ఒకటే పిచ్చి. ఎవరింటికి వైద్యానికి వెళ్ళినా ముందు ఆ ఇంటి పిల్లల పేర్లు రాసుకునేవారు. గేదె ఈనలేక కళ్ళు తేలేస్తున్నా సరే, జేబులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి, "పేరు? క్లాసు? ఏ బడి?" అని ఆరా తీసి, తేదీ వేశాకే చొక్కా చేతులు మడిచేవారు.

"జొరం ఆవుకి గదా బాబూ! పిల్లల పేర్లేటికండీ?" అని రైతులు మొత్తుకునేవారు.

"ఆవును గుంజకి కట్టేశారు, ఎక్కడికీ పోదు. పిల్లలు పారిపోతారు. ముందు వాళ్ళని పిలవండి."

రావికమతంలో ఒకరు పెళ్ళికి పిలిచిన పాపానికి, పందిట్లో పిల్లలందరినీ వరసగా నిలబెట్టి రాసుకున్నారు. పెళ్ళికొడుకు ఇంకా డిగ్రీ చదువుతున్నాడని తెలిసి, తలంబ్రాల మధ్యలో దూరి అతని పేరు కూడా అడిగారు. భార్య కమలాంబ గారికి తల కొట్టేసినట్టయింది. "ఇంట్లో ఉప్పు అయిపోయిందని వారం నుంచీ మొత్తుకుంటున్నాను. అదొక్కటీ ఆ పుస్తకంలోకి ఎక్కదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

డెబ్భై ఆరులో ఈ పిచ్చి ఊళ్ళను హడలగొట్టింది. ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకని జనాన్ని జీపులెక్కిస్తున్న రోజులవి. కోటవురట్లలో చెరుకు కొట్టే మంగరాజు ఇంట గేదెకి పొట్ట ఉబ్బితే డాక్టరు గారు వస్తున్నారని కబురందింది. మంగరాజు భార్య జోగులమ్మ కూతుర్ని చాటుకి లాక్కెళ్ళింది.

"పిల్లల లెక్క రాస్తన్నాడంటే మీ అయ్యని జీపెక్కించడానికేనే. పేరడిగితే నిజం సెప్పకు" అని లోవలక్ష్మికి నూరిపోసింది.

డాక్టరు గారు వచ్చారు. పుస్తకం తీశారు. "పేరేమిటమ్మా?"

పదో తరగతి లోవలక్ష్మికి ఆ కంగారులో ఇంకే పేరూ తట్టలేదు. "సింహాద్రమ్మండి."

"మరి గేదె పేరో?"

దానికీ అబద్ధం ఆడేంత తెలివి ఆ క్షణాన లేకపోయింది. "సింహాద్రమ్మేనండి."

ఆయన ఒకసారి పిల్లను, ఒకసారి గేదెను ఎగాదిగా చూసి, ఏదో రాసుకుని, గేదె పనిలో పడ్డారు. సాయంత్రానికి గేదె లేచి గడ్డి తింది. మంగరాజును ఏ జీపూ ఎక్కించుకోలేదు.

ఎనభై రెండులో లోవలక్ష్మికి వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. హాస్టలుకి కట్టే తాహతు మంగరాజుకి లేదు. స్కాలర్‌షిప్పు వస్తే చదువు, లేకపోతే చెరుకు తోట. అప్లికేషనుకి ఒక్క కాగితమే తక్కువైంది. గెజిటెడ్ ఆఫీసరెవరైనా "ఈ అభ్యర్థిని అయిదేళ్ళుగా స్వయంగా ఎరుగుదును" అని సంతకం పెట్టాలి. గడువు ఇంకా రెండు రోజులే. ఒక ఆఫీసరు "నిన్ను నేనెరగనమ్మా" అన్నాడు. ఇంకొకాయన క్యాంపుకని పాయకరావుపేట వెళ్ళాడు.

పశువుల డాక్టరు కూడా గెజిటెడేనని ఎవరో చెబితే ఆసుపత్రికి పరుగెత్తింది. యాజులు గారు మేకకి సూది వేసి, చేతులు కడుక్కుని, ట్రంకు పెట్టె తెరిచారు. అందులో పద్దెనిమిది నల్ల పుస్తకాలున్నాయి. కోటవురట్ల పేజీలన్నీ తిరగేశారు.

"లోవలక్ష్మి లేదమ్మా."

"బాబ్బాబు, ఒక్క సంతకం పెట్టండి."

"ఎరగనివాళ్ళని ఎరుగుదునని నేను రాయను. చేతకాదు."

లోవలక్ష్మి ఆ పుస్తకం వైపు వంగింది. సిగ్గు చంపుకుని గొణిగింది. "సింహాద్రమ్మ ఉందేమో సూడండి."

ఆయన వేలు ఒకచోట ఆగింది. పైకి చదివారు. "ఆగస్టు పద్నాలుగు. మంగరాజు ఇల్లు. పిల్ల పేరూ గేదె పేరూ ఒకటేనట. నమ్మలేదు. పదో తరగతి. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. గేదె తల తొడ మీద పెట్టుకుని ఆసాంతం కదలకుండా కూర్చుంది. చదివించవలసిన పిల్ల."

లోవలక్ష్మికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇవన్నీ ఏటికి రాసినారండీ?"

"నా చదువప్పుడు నాకూ ఇదే కాగితం కావలసి వచ్చింది. ఆఫీసరు నన్నెరగనన్నాడు. నిజమే పాపం, ఎరగడు. స్కాలర్‌షిప్పు పోయి ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నాను. అంచేత నేను ముందుగానే ఎరిగి పెట్టుకుంటున్నాను."

పచ్చ సిరాతో "ఆరేళ్ళుగా ఎరుగుదును" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టారు. "బేగి బస్సెక్కు. అన్నట్టు, సింహాద్రమ్మ కులాసాయేనా?"

స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆ ఒక్క వాక్యంతో తన బతుకు మలుపు తిరిగిందని లోవలక్ష్మి ఈనాటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

ఎనభై తొమ్మిది నవంబరులో, ఆమె నర్సీపట్నంలోనే గవర్నమెంటు కాలేజీ లెక్చరరై పచ్చ సిరా పెన్ను పట్టాక, రిటైరైన యాజులు గారు కాగితం పట్టుకుని స్టాఫు రూముకి వచ్చారు.

"పింఛను వాళ్ళకి నేను బతికే ఉన్నానని గెజిటెడ్ ఆఫీసరు చెప్పాలటమ్మా. నేను చెబితే నమ్మరట."

లోవలక్ష్మి ఆయన కాళ్ళకి దండం పెట్టి కుర్చీ వేసింది. సొరుగులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసింది. అందులో అప్పటికే మూడు క్లాసుల పిల్లల పేర్లున్నాయి. కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, గంభీరంగా అడిగింది. "పేరండీ?"

యాజులు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"సింహాద్రమ్మ."