గమ్మునుండని అత్త

మా అత్త పోయింది. రెండోసారి పక్షవాతం వచ్చిన మూడో రోజు, మంగళవారం పొద్దున, తిరుపతి ఆసుపత్రిలో ఊపిరి ఆగింది. మా నాయనకు అక్క, నాకు మేనత్త. వడమాలపేట పక్కన మా ఊళ్లో ముప్పై ఏళ్లు అంగన్వాడీ టీచరు. శవాన్ని ఇంటికి తెచ్చేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. నడుమ ఆమె ఫొటో, చుట్టూ నలుగురు పెద్దమనుషుల ఫొటోలు, కింద ‘మహిళా చైతన్య దీపానికి అశ్రు నివాళి’ అని పెద్ద అక్షరాలు. ఆ నలుగురిలో ముగ్గురు, ఒకప్పుడు ఆమె ఉద్యోగం తీసేయమని అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్లు.

ఆంబులెన్సు ఆపించి దిగాను. పక్కింట్లో కొడవలి అడిగి తీసుకుని ఫ్లెక్సీ తాళ్లు కోసేశాను. శవాన్ని పెట్టుకుని ఇదేం పని అన్నారు. అనుకోనీ.

అందుకే ముందే చెబుతున్నాను, ఇందులో మెత్తటి మాటలు ఆశించకండి. ఆమెకూ అవి చేతకావు. మొగుడు కొట్టాడనో, అత్తింట్లో గెంటేశారనో ఏడుస్తూ ఎవరైనా వస్తే ముందు సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టిన తట్ట చేతికిచ్చేది. “ఉత్త కడుపుతో ఏడిస్తే కండ్లు తిరుగుతాయి మే. తిను. తిన్నాక ఏడుద్దువు” అనేది. వాళ్లు తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని సెనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేది. ఓదార్పు మాట ఒక్కటీ అనేది కాదు. తిన్నాక మాత్రం, ఎంతసేపు చెప్పినా, మధ్యలో అడ్డు రాకుండా వినేది.

ఒకసారి తిరుపతిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లి అక్కడ ఒక నాటకం చూసింది. సగంలో ఆగిపోయి, చూసేవాళ్లనే లోపలికి పిలిచి, మిగతాది మీరు ఆడండి అనే నాటకం. ఊరికి తిరిగొచ్చాక ఆమె నోట వేరే మాట లేదు. బడిలో వంట చేసే ఆమెను, మా వీధి టైలరమ్మను కూడగట్టింది. నేల మీద ముగ్గుపిండితో పెద్ద చదరం గీసేవాళ్లు. లోపల నాటకం. బయట ఊరు. గీత దాటి ఎవరైనా లోపలికి రావచ్చు. “అయ్యో అని ఈడ కూసోని అనొద్దు. లేసొచ్చి సేసి సూపించండి” అనేది అత్త.

పదకొండేళ్ల కిందట, ఒక ఆదివారం మధ్యాహ్నం, బడి ఆవరణలో ఆట. నాకప్పుడు ఇరవై ఏళ్లు. సెల్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలో చేరి ఆరు నెలలయింది. ఆ ఉద్యోగం ఇప్పించింది మా ఊరాయనే. అక్కడ లైన్ లీడరు, మాకు వరసకు చిన్నాయన. ఊళ్లో ఇరవై ఇళ్ల ఆడపిల్లలు ఆయన మాట మీదే పనిలో చేరారు. అందుకని ఆయన నడిచొస్తే అరుగుల మీద వాళ్లు లేచి నిలబడేవాళ్లు.

ఆ రోజు కథ కంపెనీ బస్సులోది. నాలుగు కుర్చీలే బస్సు. వంటామె కిటికీ పక్కన కూర్చున్న పిల్ల. టైలరమ్మ భుజాన తువ్వాలేసుకుని పక్కన చేరే మగవాడు. వాడు మీద పడుతూ ఉంటే అత్త చప్పట్లు కొట్టి ఆట ఆపింది. “ఇప్పుడీ పిల్ల ఏం సేయాల? రండి.”

ఒక అవ్వ వచ్చి ఆ పిల్ల చోట కూర్చుని, లేచి వేరే సీట్లోకి మారింది. టైలరమ్మ లేచి ఆ సీటు వెనకే కూర్చుంది. జనం నవ్వారు. ఒకాయన వచ్చి, “నాలుగు తగిలించాల” అని చెయ్యెత్తాడు. అత్త డ్రైవరై బస్సు ఆపింది. “గొడవ సేసినోళ్లు ఈడే దిగండి. సీకటి పడింది, ఊరు పది మైళ్లుండాది. ఎట్ల పోతావో పో.” ఆయన చేయి దించి బిక్కమొహంతో వెళ్లి కూర్చున్నాడు.

అప్పుడు నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. గీత దాటి, టైలరమ్మతో, “నువ్వు చేసేది ఇట్ల కాదక్కా” అన్నాను. “ముందు జొరమొచ్చిందా పాపా అని అడగాల. అడిగి నుదురు మీద చెయ్యి పెట్టాల. ఆడ్నుంచి మెడ మీదికి తేవాల. ఎవురన్నా సూస్తే, మా అన్న కూతురే, ఒళ్లు కాలతా ఉండాది అనాల.”

జనంలో నాతో బస్సెక్కే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. జొరమొచ్చిందా అన్న మాటకు వాళ్లు కిసుక్కున నవ్వి, వెంటనే నోళ్లు మూసుకున్నారు. వెనక వరసలో చిన్నాయన లేచి నిలబడ్డాడు.

“ఎవురి గురించి మే ఇదంతా?”

అత్త ఆయన వైపు తిరిగింది. “మేం పేరు సెప్పలేదే సామీ. ఇంతమంది కూసోనుండారు. నువ్వెందుకు లేసినావు?”

ఆ తర్వాత మా నాయన వచ్చాడు. నా రెక్క పట్టుకుని ఈడ్చాడు. అత్త అడ్డం నిలబడింది. “వదల్రా. దాని మాట ఇంకా కాలేదు.”

“నా కూతురు. నా మానం తీసేదానికి నువ్వెవురు?” అని నాయన ఆమెను తోసేశాడు. ఆమె కుర్చీల మీద పడింది. మణికట్టు విరిగింది. నేను చూశాను. చూసి కూడా నాయన వెంట ఇంటికి నడిచాను. ఈ మాట రాయడానికే ఇంతసేపు పట్టింది.

ఇంట్లో అమ్మ ఒకటే మాట. “నాకు ముందే సెప్పినావు కదా. గమ్మునుండమన్నాను కదా.” అవును, చెప్పాను. గమ్మునుండమంది.

ఆ వారంలోనే అర్జీ వెళ్లింది. అత్త ఆడపిల్లల్ని చెడగొడుతోందని, ఆమె ఉద్యోగం తీసేయాలని. మొదటి సంతకం మా నాయనది. ఉద్యోగం పోలేదు గానీ, అంగన్వాడీకి పిల్లల్ని పంపడం మానేశారు. ఎవరో ఆమె తలుపు మీద పేడ కొట్టారు. ఆమె కడుక్కుంది. మళ్లీ కొట్టారు. మళ్లీ కడిగింది. తర్వాతి ఆదివారం కుడిచేతి కట్టుతోనే అదే ఆవరణలో ఎడమచేత్తో వంకరగా చదరం గీసి, ఆగిన చోటినుంచే ఆట మొదలుపెట్టింది. చూడ్డానికి వచ్చింది ఏడుగురం. అందులో ఇద్దరు నా లైనులో పిల్లలే.

ఆట అయ్యాక నేను ఆమె కట్టు చూసి ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నానన్నాను. ఆమె విసుక్కుంది. “ఆ సిగ్గు నీది కాదు మే. వాడి మూట నువ్వెందుకు మోస్తా ఉండావు? దించు.”

ఆ ఇద్దరు పిల్లలూ, నేనూ, ముందు అత్త, నలుగురం కంపెనీకి వెళ్లాం. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు. తర్వాత లోపల ఒకామె అంతా రాసుకుంది. చివరికి చిన్నాయన్ని ఉద్యోగంలోంచి తీయలేదు. ఆడపిల్లలు లేని గోడౌనుకు మార్చారు. నా కాంట్రాక్టు అయిపోయాక మళ్లీ పిలవలేదు. “మనం గెలిచినామా అత్తా?” అని అడిగాను. “బస్సులో వాడి పక్కన ఎవురూ కూసోవడం లేదంట. ఈ పూటకి అది సాలు” అంది.

తర్వాత పదేళ్లు నేను ఆమె జట్టులోనే ఉన్నాను. తువ్వాలు వేసుకుని ఆ మగవాడి వేషం నేనే కట్టేదాన్ని. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో పిల్లలు ఈలలు వేస్తుంటే, పెద్ద సారు మైకు ఆపించి ఇక చాలన్నాడు. ముప్పై ఏళ్లు చంటిపిల్లల మీద అరిచిన గొంతు, దానికి మైకుతో పనేముంది! “ఈలేసినోడు ఎవురో రా నాయినా. వచ్చి ఈ పిల్ల మాదిరి కూసో. నీ మీద ఈలేస్తాం” అంది. ఎవరూ రాలేదు. ఈలలు మాత్రం ఆగాయి.

మంగళవారం మధ్యాహ్నం చిన్నాయన దండ పట్టుకుని వచ్చాడు. గడపలో నేను అడ్డం నిలబడ్డాను.

“పోయినోళ్ల మీద పగేంది పాపా?”

“పగ నీ మీద. ఆమె మీద కాదు. పో.”

ఆయన చుట్టూ చూశాడు. ఎవరైనా తన తరఫున ఒక మాట అంటారని. ఎవరూ అనలేదు. నా తరఫునా అనలేదు. పదకొండేళ్ల తర్వాత కూడా మా ఊరు నేల చూపులు చూస్తూ కూర్చుంది. టైలరమ్మ ఒక్కతే లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన దండను అరుగు మీద పడేసి వెళ్లిపోయాడు. మేక వచ్చి తినింది. నేను తోలలేదు.

సాయంత్రం అత్తను పూడ్చిపెట్టి వచ్చాక అందరూ వెళ్లిపోయారు. మా నాయన వెళ్లలేదు. మణికట్టు విరిగిన రోజు నుంచి ఆయన అత్త ఇంటి గడప తొక్కలేదు. ఆమె పిలవనూ లేదు. వీధిలో షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తుంపర మొదలైంది. షామియానా అద్దెకిచ్చినవాడు వచ్చి గుడ్డ విప్పాడు, గుంజలు పీకాడు, కుర్చీలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఆటోలో వేశాడు. ఒక్క కుర్చీ మిగిలింది. వాడు మా నాయన ఎదురుగా వచ్చి నిలబడి, కుర్చీ కోసం లేవమని అడగబోయాడు. అడగలేక నా వైపు చూశాడు. నేను లోపలికి వచ్చి టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాను.

ఆటో వెళ్లిన శబ్దం వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఖాళీ వీధిలో ఆ ఒక్క కుర్చీ, అందులో మా నాయన. వాన పెద్దదైంది. ఆయన తల మీద తుండు కూడా కప్పుకోలేదు.