మణికట్టు మీద మడత

"దారం కట్టి బిగించినట్టుంది చూడండి. చేతికి రక్తం ఆడుతోందంటారా?"

మా ఐదు నెలల పాప మైవ్ మణికట్టు ఫొటో చూపించి నేనడిగిన మాట ఇది. భౌతికశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి ఆ మడత లోతు స్కేలు పెట్టి కొలిచాను కూడా. ఒడిల్ జిరువార్ కళ్లద్దాలు పైకి తోసుకుని, "అది కొవ్వు, నాయనా. పాలు బాగా తాగుతోందన్నమాట. ఆ ఫొటో నాకు పంపు, పనికొస్తుంది," అంది.

ఒడిల్ మాంట్రియల్‌లోని మా యానిమేషన్ స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా చర్మం పని చేస్తోంది. కంప్యూటర్ బొమ్మకి లోపల ఎముకలుంటాయి. ఏ ఎముక కదిలితే పైచర్మంలో ఏ చుక్క ఎంత కదలాలో చెప్పడం ఆవిడ పని. సరిగా చెప్పకపోతే, మణికట్టు తిప్పగానే చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టు అయిపోతుంది. ఒకసారి ఎవరో పొట్ట మీది గుప్పెడు చుక్కల్ని పొరపాటున అరచేతికి అప్పగించారు. హీరో చెయ్యి ఊపితే పొట్ట కూడా సాగి వెంట వెళ్లింది. సమీక్షలో ఇద్దరు పెద్దలు అది కావాలని పెట్టిన హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. ఒడిల్ పని బాగా కుదిరిన రోజున మాత్రం ఎవరూ ఏమీ అనరు. మెట్రోలో ఎదుటివాళ్ల మోచేతుల్ని తేరిపార చూసినందుకు ఆవిడ రెండుసార్లు తిట్లు తింది.

ఈసారి సినిమాలో ఒక పసిపాప ఉంది. నాలుగు నెలలు కూర్చుని ఒడిల్ ఆ పాప మణికట్లకి మడతలు తెచ్చింది. మా అధిపతి మెల్‌డ్రమ్ వాటిని తెరమీద పెద్దవి చేసి చూశాడు.

"ఇదేంటి, అతుకా? శుక్రవారంలోగా చెరిపెయ్యండి. లేదంటే పాపని కొత్త ప్రోగ్రాంకి ఇచ్చేస్తాం. అది అన్నీ నున్నగా చేస్తుంది."

"నున్నగా చేస్తే సాసేజ్ అవుతుంది, పాప అవదు," అంది ఒడిల్.

"జనానికి సాసేజ్ ఇష్టమే."

శుక్రవారం ఆవిడ అడిగితే మైవ్‌ని సమీక్షకి తీసుకెళ్లాను. గదిలో ఎవరు దగ్గినా పాప మొహానికి చెయ్యి అడ్డం పెట్టాను. ఒడిల్ పాపని నేరుగా మెల్‌డ్రమ్ ఒళ్లో కూర్చోబెట్టింది. పాప అతని వేలు పట్టుకుని మణికట్టు వంచింది. మడత లోపలికి దిగింది. మెల్‌డ్రమ్ చాలాసేపు చూశాడు.

"ఇది పుట్టుకతోనే ఇలా ఉందా?"

"మేమేం చెయ్యలేదండీ," అన్నాను.

"ముద్దుగానే ఉంది. కానీ మరీ నిజంలా ఉంటే జనం నమ్మరు. ఒక చేతికి ఉంచండి చాలు."

"ఏ చేతికి?" అంది ఒడిల్.

"మీ ఇష్టం."

సినిమా అంతా ఆ పాప గిలక్కాయ ఆడించేది కుడిచేత్తో. ఎడమచెయ్యి దుప్పట్లోనే ఉంటుంది. ఒడిల్ చాలా వినయంగా ఎడమచేతి మడత చెరిపేసింది.

మైవ్‌ని నాకు తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడ పాప గడ్డం ఎత్తి, మెడ కింద వాసన చూసి మొహం చిట్లించింది.

"స్నానం చేయించాక ప్రతి మడతా విప్పి తడి లేకుండా తుడువు, నాయనా. కారిన పాలు లోపల చేరి పులుస్తాయి. పైపైన చూసి శుభ్రంగా ఉందనుకోకు."

ఇప్పుడు రోజూ విప్పి తుడుస్తున్నాను.